అపాల్డ్: ఈ ఇంగ్లిష్ మాటను ఎప్పుడు వాడాలి, ఎలా వాడాలి?

"షాక్డ్ అనే బదులు అపాల్డ్ అనొచ్చా? అలా అంటే ఇంగ్లిష్ ఇంకాస్త బాగుంటుందా?" ఈ ప్రశ్న తరచూ వస్తూనే ఉంది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు చదువుకునేవాళ్లు అడుగుతున్నారు. విదేశీ కస్టమర్లకు మెయిళ్లు రాసేవాళ్లు అడుగుతున్నారు. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఇంటి ఓనరుకు ఫిర్యాదు రాయాల్సి వచ్చినవాళ్లూ అడుగుతున్నారు.

ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేసుకునే మాటలు కావివి. షాక్డ్ అంటే ఊహించనిది జరిగి నిర్ఘాంతపోయామని చెప్పడం. అపాల్డ్ అంటే నిర్ఘాంతపోవడంతో పాటు "ఇది చాలా తప్పు, ఇలా ఉండకూడదు" అని తేల్చి చెప్పడం కూడా. ఆ రెండో సగం లేనిచోట ఈ మాట పెడితే వాక్యం వ్యాకరణం ప్రకారం సరిగ్గానే ఉంటుంది, కానీ చదివేవాళ్లకు మీరు అనుకోని అర్థం చేరుతుంది.

కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. చాలామంది నేరుగా వాక్యాలు బట్టీ పట్టడంతో మొదలుపెడతారు. అసలు చిక్కు అంతకంటే ముందే, ఏ సందర్భానికి ఏ మాట అన్న దగ్గరే ఉంటుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక కాగితం మీద ఈ మధ్య మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేసిన నాలుగైదు సంగతులు రాసుకోండి. తెలుగులోనే రాయండి. ప్రతి సంగతి పక్కన, అది విన్న క్షణంలో మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట కూడా రాయండి. అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది ఆ మాటే.

ఉదాహరణకు ఇలాంటివి:

- హాస్టల్ వంటగదిలో పిండి డబ్బాల మీద బొద్దింకలు తిరుగుతున్నాయి.
- చిన్నప్పుడు పాఠాలు చెప్పిన మాస్టారు గుండెపోటుతో పోయారని కబురు వచ్చింది.
- తమ్ముడికి మొదటి ప్రయత్నంలోనే గ్రూప్ 1 ఉద్యోగం వచ్చింది.
- బస్టాండులో ఒకాయన అందరూ చూస్తుండగా ముసలి తల్లి మీద చెయ్యి చేసుకున్నాడు.
- కరెంటు బిల్లు ఎప్పుడూ వచ్చేదానికి మూడింతలు వచ్చింది.

దీనితో పాటు ఒక లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం తేలిక ఇంగ్లిష్‌లో రాసిన నిఘంటువు, దగ్గర పెట్టుకోండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ డిక్షనరీలు మూడూ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి, ఉచ్చారణ కూడా వినొచ్చు. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు ఒక్కటే పెట్టుకుంటే ఈ పనికి చాలదు. "దిగ్భ్రాంతి చెందిన" అని అర్థం ఇస్తే షాక్డ్, స్టన్డ్, అపాల్డ్ మూడూ ఒక్కటే అనిపిస్తాయి.

2. నోటికొచ్చిన మొదటి మాటను బట్టి ఎంచుకోండి

ఇప్పుడు మీరు రాసుకున్న తెలుగు మాటను చూడండి.

- "ఛీ, ఇంత అన్యాయమా!" "ఇదేం పద్ధతి!" "మనుషులేనా వీళ్లు?" అని వస్తే అపాల్డ్.
- "అయ్యో, ఎలా జరిగింది?" అని వస్తే షాక్డ్. దుఃఖం కూడా ఉంటే షాక్డ్ అండ్ సాడెండ్.
- "అబ్బ, నిజమా!" అని సంతోషంగా వస్తే అమేజ్డ్, థ్రిల్డ్. అపాల్డ్ అసలు పనికిరాదు.
- ఏ మాటా రాక నోరు తెరిచి ఉండిపోతే స్టన్డ్. ఇది మంచికీ చెడుకీ రెండింటికీ సరిపోతుంది.

పై ఉదాహరణల్లో బొద్దింకల వంటగదికి, బస్టాండులో తల్లిని కొట్టిన మనిషికి అపాల్డ్ సరిపోతుంది. తమ్ముడి ఉద్యోగానికి సరిపోదు. తెలుగులో మనం "వాడికి జాబ్ వచ్చిందంటే షాకయ్యా" అని సంతోషంగానే అంటాం కాబట్టి ఇక్కడ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. "ఐ వాజ్ అపాల్డ్ వెన్ మై బ్రదర్ గాట్ ద జాబ్" అంటే వాడికి ఉద్యోగం ఇవ్వడమే ఘోరం అన్నట్టు ఉంటుంది.

మాస్టారి మరణం దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఎవరైనా పోతే మన పేపర్లు "దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు" అని రాస్తాయి. దాన్ని తలలో పెట్టుకుని సంతాప సందేశంలో "ఐ యామ్ అపాల్డ్ ఎట్ హిజ్ డెత్" అని రాస్తే, ఆ చావులో ఎవరిదో తప్పుందని మీరు ఆరోపిస్తున్నట్టు వినిపిస్తుంది. దుఃఖంలో ఉన్న కుటుంబానికి అలాంటి వాక్యం పంపకూడదు. "ఐ వాజ్ డీప్లీ షాక్డ్ అండ్ సాడెండ్ టు హియర్ ఆఫ్ హిజ్ డెత్" అని రాయండి. అదే ఒక హత్య గురించో, నిర్లక్ష్యం వల్ల కూలిన గోడ కింద కూలీలు చనిపోవడం గురించో అయితే అపాల్డ్ సరైన మాటే. అక్కడ తప్పు నిజంగానే ఉంది.

తప్పు చేసిన మనిషి ఎదురుగా ఉండాలని కూడా లేదు. ఒక ఊళ్లోని పేదరికం, ఆసుపత్రి వార్డులో మురికి, రోడ్డు ప్రమాదాల సంఖ్య, చివరికి మన అజ్ఞానం చూసి మనమే అపాల్డ్ అవ్వొచ్చు. పరిస్థితి ఉండకూడనంత చెడ్డగా ఉందని మీరు అనుకుంటే చాలు.

కరెంటు బిల్లు మాత్రం మధ్యలో పడుతుంది. బిల్లు ఎక్కువ వచ్చినందుకే అయితే షాక్డ్ చాలు. అసలు మీటరు చూడకుండానే అంకె వేసేశారని ఆ తర్వాత తెలిసిందా, అప్పుడు అపాల్డ్.

3. పలకడం, రాయడం

పలకడానికి సులువైన దారి: "కాల్డ్" అనే మాటతో ప్రాస కలపండి. కాల్డ్, పాల్డ్, అపాల్డ్. మొదటి "అ" చాలా తేలిక, వినీ వినపడనట్టు ఉండాలి. బరువంతా "పాల్డ్" మీద పడాలి. యాపిల్‌లో లాగా "యాపల్డ్" అనకండి, "ఏపాల్డ్" అని సాగదీయకండి.

అక్షరాలు ఇవి: ఏ, పి, పి, ఏ, ఎల్, ఎల్, ఈ, డి. పి రెండుసార్లు, ఎల్ రెండుసార్లు. ఈ రూపం బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఒకటే. మూల క్రియ దగ్గర మాత్రం తేడా ఉంది: బ్రిటిష్ రాతలో చివర ఒక ఎల్, అమెరికన్ రాతలో రెండు ఎల్‌లు. అపాలింగ్ అన్నప్పుడు రెండు చోట్లా రెండు ఎల్‌లే.

గుర్తు పెట్టుకోవడానికి ఒక ఆసరా ఉంది. ఈ మాట పాత ఫ్రెంచిలో ముఖం పాలిపోవడం అనే అర్థం నుంచి వచ్చింది. పాలిపోవడం, అపాల్డ్ పక్కపక్కన పెట్టుకుంటే ఇక మరిచిపోరు.

అసలు ప్రమాదం దీన్ని పోలిన మాటలతో ఉంది. మూడింటిని విడిగా రాసుకోండి:

- అప్లాడ్: చప్పట్లు కొట్టి మెచ్చుకోవడం. పూర్తిగా వ్యతిరేకార్థం. తొందరగా మాట్లాడేటప్పుడు "వి అప్లాడ్ యువర్ డెసిషన్", "వి ఆర్ అపాల్డ్ బై యువర్ డెసిషన్" ఒకేలా వినిపించొచ్చు. ఫోన్ మీటింగుల్లో నిదానంగా పలకండి.
- అపీల్డ్: విజ్ఞప్తి చేశారు, లేదా పై కోర్టుకు వెళ్లారు. రాతలో చాలా దగ్గరగా ఉంటుంది.
- అప్లైడ్: దరఖాస్తు చేశారు. ఫోన్ కీబోర్డు తనంతట తాను మార్చేసే అవకాశం ఉంది.

మెయిల్ పంపేముందు ఈ ఒక్క మాటను ఇంకోసారి కళ్లతో చూసుకోండి. స్పెల్‌చెక్ పట్టుకోదు, ఎందుకంటే ఆ మూడూ సరైన ఇంగ్లిష్ మాటలే.

4. వాక్యం కట్టడం

తెలుగులో భావం మనకు "కలుగుతుంది": నాకు కోపం వచ్చింది, నాకు షాక్ తగిలింది. "నాకు" అన్నాం కాబట్టి ఇంగ్లిష్‌లో "టు మి ఇట్ కేమ్ షాక్" అని ఎవరూ రాయరు కానీ, "ఐ గాట్ షాక్", "ఐ యామ్ షాక్" మాత్రం ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో ఆ మనిషే కర్త. మనిషి తర్వాత యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్‌లలో ఒకటి రావాలి. దాని తర్వాత "డ్"తో ముగిసే రూపం రావాలి.

ఐ వాజ్ అపాల్డ్. షి వాజ్ అపాల్డ్. వి వర్ అపాల్డ్.

ఈ ముక్క నోటికి అలవాటయ్యాక, దేన్ని చూసి అలా అనిపించిందో నాలుగు రకాలుగా చెప్పొచ్చు.

ఎట్ తో: "ఐ వాజ్ అపాల్డ్ ఎట్ ద కండిషన్ ఆఫ్ ద కిచెన్." వంటగది ఉన్న తీరు చూసి నిర్ఘాంతపోయాను.

బై తో: "వి వర్ అపాల్డ్ బై హిజ్ బిహేవియర్." ఆయన ప్రవర్తన చూసి విస్తుపోయాం.

ఈ రెంటికీ మధ్య అర్థంలో పట్టించుకోవాల్సినంత తేడా లేదు. ఏది నోటికి వస్తే అది వాడండి. విత్, అబౌట్ మాత్రం వదిలేయండి.

దట్ తో: "షి వాజ్ అపాల్డ్ దట్ నోబడీ హెల్ప్డ్ ద ఓల్డ్ ఉమన్." ఆ ముసలావిడకు ఒక్కరూ సాయం చేయలేదని ఆమె నివ్వెరపోయింది. జరిగిన విషయం పూర్తి వాక్యంగా చెప్పాలంటే ఇదే దారి.

టు తో: "ఐ వాజ్ అపాల్డ్ టు ఫైండ్ కాక్రోచెస్ ఇన్ ద ఫ్లవర్." పిండిలో బొద్దింకలు చూసి నిర్ఘాంతపోయాను. ఇక్కడ పిండికి, పువ్వుకు ఇంగ్లిష్ మాటలు వినడానికి ఒకేలా ఉంటాయి కాబట్టి రాసేటప్పుడు స్పెల్లింగ్ చూసుకోండి. టు తర్వాత సీ, హియర్, ఫైండ్, లెర్న్, డిస్కవర్ లాంటి తెలుసుకోవడానికి సంబంధించిన క్రియలే ఎక్కువగా వస్తాయి.

తిప్పి కూడా రాయొచ్చు: "ద కండిషన్ ఆఫ్ ద కిచెన్ అపాల్డ్ మీ." ఇక్కడ వాజ్ రాదు. ఆ వంటగదే కర్త, మనల్ని అలా చేసింది అదే.

5. అపాల్డ్, అపాలింగ్ కలిసిపోకుండా

అనిపించేది ఎవరికో వాళ్లకు అపాల్డ్. అనిపించేలా చేసింది ఏదో దానికి అపాలింగ్. "ద ఫుడ్ వాజ్ అపాలింగ్, సో ఐ వాజ్ అపాల్డ్."

"ఐ యామ్ అపాలింగ్" అంటే "నేను పరమ చెత్తగా ఉన్నాను" అని అర్థం. బోరింగ్, బోర్డ్ దగ్గర చేసే పొరపాటే ఇది. "ఐ యామ్ బోరింగ్" అంటే నాకు విసుగ్గా ఉందని కాదు, నాతో ఉంటే విసుగని.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. అపాల్డ్‌లో ఉన్నంత బరువైన తీర్పు అపాలింగ్‌లో అన్నిసార్లూ ఉండదు. ముఖ్యంగా బ్రిటిష్‌వాళ్లు మామూలు మాటల్లో "అపాలింగ్ వెదర్", "అపాలింగ్ ట్రాఫిక్", "మై హ్యాండ్‌రైటింగ్ ఈజ్ అపాలింగ్" అనేస్తుంటారు. అక్కడ దాని అర్థం "చాలా చెడ్డగా ఉంది" అని మాత్రమే. అలాగని వాన పడుతోందని "ఐ యామ్ అపాల్డ్ బై ద రెయిన్" అంటే అతిగా ఉంటుంది.

6. ఎంత గట్టిగా అనాలి?

అపాల్డ్ అసలే గట్టి మాట. "చాలా" దానిలోనే ఉంది. అందుకే "వెరీ అపాల్డ్" అనరు. బలం పెంచాలంటే అబ్సల్యూట్లీ, అటర్లీ, సింప్లీ వాడతారు: "ఐ యామ్ అబ్సల్యూట్లీ అపాల్డ్." "ఎ లిటిల్ అపాల్డ్" కూడా కుదరదు. కొంచెమే అనిపిస్తే అది అపాల్డ్ కాదు.

చిన్న విషయానికి పెద్ద మాట వాడితే తర్వాత పెద్ద విషయం వచ్చినప్పుడు చేతిలో మాట ఉండదు. టీ చల్లారిపోయిందని, డెలివరీ ఒక గంట ఆలస్యమైందని అపాల్డ్ అనకండి. డిసప్పాయింటెడ్, అనాయ్డ్, అప్‌సెట్ లాంటివి ఉన్నాయి. ఆఫీసులో మేనేజరుకు రాసేటప్పుడు డిస్మేడ్ అనే మాట చాలా అక్కరకొస్తుంది. అందులో బాధ, నిరాశ ఉంటాయి, నిందించే స్వరం తక్కువ.

7. పక్కింటి మాటలు

హారిఫైడ్: అపాల్డ్‌కు చాలా దగ్గర. భయం, ఒళ్లు జలదరింపు పాలు ఎక్కువ. కళ్లముందు ప్రమాదం జరిగితే ముందు హారిఫైడ్. ఆ ప్రమాదంలో గాయపడ్డవాళ్లను జనం ఫోన్లలో వీడియో తీస్తూ నిలబడితే అపాల్డ్.

అగాస్ట్: జి తర్వాత హెచ్ రాస్తారు కానీ పలకరు. నోరు తెరుచుకుని ఉండిపోయిన స్థితి. దీని వెనక నామవాచకం పెట్టకూడదు: "షి వాజ్ అగాస్ట్ ఎట్ ద న్యూస్" సరే, "యాన్ అగాస్ట్ ఉమన్" కాదు. దీనికి "డ్" చేర్చి "అగాస్టెడ్" అని రాసేవాళ్లున్నారు. ఆ రూపమే లేదు.

అవుట్‌రేజ్డ్: కోపమే ముఖ్యం. ఏదో ఒకటి చేయాలన్న పట్టుదల వినిపిస్తుంది.

డిస్గస్టెడ్: అసహ్యం, రోత. వంటగది బొద్దింకలకు ఇదీ సరిపోతుంది.

8. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

తప్పు: ఐ గాట్ అపాల్డ్ బై సీయింగ్ ద రూమ్.
సవరణ: ఐ వాజ్ అపాల్డ్ టు సీ ద రూమ్. లేదా: ఐ వాజ్ అపాల్డ్ ఎట్ ద స్టేట్ ఆఫ్ ద రూమ్.

తప్పు: ఐ యామ్ వెరీ అపాలింగ్ అబౌట్ దిస్.
సవరణ: ఐ యామ్ అబ్సల్యూట్లీ అపాల్డ్ బై దిస్.

తప్పు: ఐ అపాల్డ్ వెన్ ఐ హర్డ్ ఇట్.
సవరణ: ఐ వాజ్ అపాల్డ్ వెన్ ఐ హర్డ్ ఇట్. "నిర్ఘాంతపోయాను" ఒకే మాట కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ఒకే మాట పెట్టేస్తాం. వాజ్ వదిలేస్తే మీరే ఎవరినో నిర్ఘాంతపరిచారన్న అర్థం వైపు వెళ్తుంది.

తప్పు: ఐ గాట్ షాక్ వెన్ ఐ టచ్డ్ ద ఐరన్ బాక్స్.
సవరణ: ఐ గాట్ ఎ షాక్ ఫ్రమ్ ద ఐరన్. కరెంటు షాకుకు "ఎ షాక్" అనే అనాలి. ఇక్కడ అపాల్డ్‌కు చోటే లేదు. భావం గురించి చెప్పేటప్పుడు "ఐ గాట్ షాక్డ్" అనే బదులు "ఐ వాజ్ షాక్డ్" అంటే ఈ గందరగోళం ఉండదు.

9. ఫిర్యాదు లేఖలో పెట్టడం

ఈ మాట ఎక్కువగా అక్కరకొచ్చే చోటు ఇదే. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ రైటింగ్‌లో మొదటి పని కనీసం 150 పదాల లేఖ, అది చాలాసార్లు ఫిర్యాదే. అందులో పదజాలానికి నాలుగింట ఒక వంతు మార్కులు. పెద్ద మాట వాడారా అన్నది కాదు, తగినచోట వాడారా అన్నదే చూస్తారు.

వరుస ఇలా ఉండాలి:

1. ముందు జరిగింది చెప్పండి. ఏ రోజు, ఎక్కడ, ఏమిటి.
2. మీరు ఏం చేశారో చెప్పండి. ఎవరికి చెప్పారు, ఎన్నిసార్లు.
3. అప్పుడు ఒకే ఒక్కసారి అపాల్డ్ వాడండి. అన్నిటికంటే ఘోరమైన విషయానికి మాత్రమే.
4. మీకు ఏం కావాలో అడగండి.

సరిగా లేని లేఖ: "ఐ యామ్ వెరీ అపాల్డ్ విత్ యువర్ హోటల్. ఎవ్రీథింగ్ వాజ్ వర్స్ట్. ఐ గాట్ షాక్. యువర్ స్టాఫ్ ఆర్ ఆల్సో అపాల్డ్."

చివరి వాక్యంలో సిబ్బందే నిర్ఘాంతపోయారు! "వర్స్ట్" కూడా మన ఇంగ్లిష్‌కు పట్టుకున్న అలవాటు. అది "అన్నిటికంటే చెడ్డది" అని పోల్చేటప్పుడు వాడే మాట. చెడ్డగా ఉందనడానికి బ్యాడ్, పూర్, టెరిబుల్ ఉన్నాయి.

సరిచేసిన లేఖ: "వెన్ వి చెక్డ్ ఇన్ ఆన్ ఫ్రైడే ఈవెనింగ్, ద షీట్స్ వర్ స్టెయిన్డ్ అండ్ దేర్ వాజ్ నో వాటర్ ఇన్ ద బాత్రూమ్. వి కాల్డ్ రిసెప్షన్ ట్వైస్. వి వర్ అపాల్డ్ దట్ నోబడీ కేమ్ అంటిల్ ద నెక్స్ట్ మార్నింగ్. వి వుడ్ లైక్ ఎ రిఫండ్ ఫర్ దట్ నైట్."

మరకలకూ నీళ్లకూ ఆ మాట వాడలేదు, గమనించండి. రాత్రంతా ఎవరూ పట్టించుకోకపోవడానికి వాడారు. సౌకర్యం లోపిస్తే సర్దుకోవచ్చు, మనిషిని గాలికి వదిలేయడం మాత్రం తప్పు. చదివే మేనేజరుకు ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది.

పంపేముందు చూసుకోండి:

- ఇది నిజంగా తప్పేనా, లేక ఊహించనిది మాత్రమేనా?
- కర్త మనిషేనా? వాజ్ లేదా వర్ ఉందా?
- తర్వాత ఎట్, బై, దట్, టులలో ఒకటి వచ్చిందా?
- వెరీ ఎక్కడైనా మిగిలిపోయిందా?
- అపీల్డ్, అప్లైడ్ అని మారిపోయిందా?
- లేఖ మొత్తంలో ఒక్కసారే వాడారా?

10. ఎదుటివాళ్లే మీకు "అపాల్డ్" అని రాస్తే

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని విదేశీ కస్టమర్లకు జవాబులిచ్చేవాళ్లకు ఇది పనికొస్తుంది. "ఐ యామ్ అపాల్డ్ బై యువర్ సర్వీస్" అని ఎవరైనా రాస్తే, వాళ్లు ఆశ్చర్యపోవడం లేదు. మీరు తప్పు చేశారని తేల్చేశారు. "సారీ ఫర్ ద ఇన్‌కన్వీనియన్స్" అనే అరిగిపోయిన వాక్యంతో మొదలుపెడితే ఇంకా మండుతుంది.

ముందు జరిగిన తప్పును దాని పేరుతో ఒప్పుకోండి: "యు వెయిటెడ్ నైన్ డేస్ ఫర్ ఎ రిప్లై. దట్ షుడ్ నాట్ హావ్ హ్యాపెన్డ్, అండ్ ఐ యామ్ సారీ." ఆ తర్వాత ఏం చేయబోతున్నారో, ఎప్పటిలోగా చేస్తారో రాయండి. వాళ్ల మాటను తిరిగి వాళ్లకే అప్పజెప్పకండి. "వి అండర్‌స్టాండ్ యు ఆర్ అపాల్డ్" అంటే కోపం వాళ్ల సమస్య అన్నట్టు ఉంటుంది. ఇంకా పై అధికారికి పంపాల్సిన మెయిళ్లను వేరు చేసేటప్పుడు డిసప్పాయింటెడ్ అన్నవాటికంటే అపాల్డ్ అన్నవాటిని ముందు తెరవండి.